పికప్ పోలికల్లో డ్రైవర్ సీటు ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వాహనాల పేజీ నేను వదలకుండా చదువుతాను. మొన్న అందులో మన కంపెనీల పికప్‌లనీ విదేశీ కంపెనీల పికప్‌లనీ పక్కపక్కన పెట్టి వేసిన పట్టిక చూశాక ఇక ఉత్తరం రాయక తప్పలేదు. ఒక గడిలో మహీంద్రా బొలెరో పికప్, ఎదురు గడిలో టొయోటా హైలక్స్. హార్స్‌పవర్ ఎంత, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సీట్లు ఎంత మెత్తన, చివర్లో మార్కులు. ఏమండీ, పది లక్షల బండికీ ముప్పై లక్షల బండికీ పోటీ పెట్టి, ముప్పై లక్షలదే బాగుందని తేల్చడానికి ఒక పేజీ కావాలా? ఆ రెండూ కొనేవాళ్లు వేరు, వాటిలో ఎక్కించేది వేరు. హైలక్స్ కొన్నాయన వెనక అరటి గెలలు వెయ్యడు, వేస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు.

మాది రావులపాలెం. అరటి మార్కెట్ మీద బతికే ఊరు. కర్పూరం, చక్రకేళి, అమృతపాణి ఏది దిగినా ముందు తోట నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి రాజమండ్రికో విశాఖకో చేర్చాల్సింది ఈ చిన్న బండ్లే. పెద్ద లారీలు దూరాలకి పోతాయి, గట్ల మీదికి రావు. నాకు పికప్‌లూ ఒక టాటా ఏసూ ఉన్నాయి, డ్రైవర్లని పెట్టి తిప్పుతాను, మనిషి దొరకని రోజు నేనే ఎక్కుతాను. కాబట్టి ఈ పోలికల గురించీ, వాటిలో ఎక్కడా కనబడని డ్రైవర్ భద్రత గురించీ నాకు తోచింది చెబుతాను, నచ్చితే వేసుకోండి.

ముందు అసలు ‘స్వదేశీ’ ఏది, ‘విదేశీ’ ఏది? మీ పట్టికలో ఇసుజు డి మ్యాక్స్ విదేశీ గడిలో ఉంది. అది తయారయ్యేది మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో. 2016లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది, అంతకుముందు తమిళనాడులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ప్లాంటులో బిగించేవాళ్లు. శ్రీసిటీలో తయారైన బండ్లు గల్ఫ్‌కి కూడా వెళ్తున్నాయి. మన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు అక్కడ ఎడారిలో తోలే పికప్ ఒకటి సత్యవేడు పక్కన బిగించింది అయినా అయ్యుండొచ్చు. ఇక స్వదేశీ గడిలో మీరు పెట్టిన అశోక్ లేల్యాండ్ దోస్త్ సంగతి చూడండి. 2011లో అది పుట్టిందే నిస్సాన్‌తో పొత్తులో, కింద ఉన్న చట్రం నిస్సాన్ వ్యాన్‌ది. 2016లో నిస్సాన్ తప్పుకున్నాక పూర్తిగా లేల్యాండ్‌ది అయింది. మారుతి సూపర్ క్యారీని ఏ గడిలో వేస్తారు? పేరు మారుతి, పెత్తనం సుజుకీ. నన్నడిగితే ఈ గడులే దండగ. కానీ లోకం అలా మాట్లాడుతోంది కాబట్టి నేనూ అలాగే మాట్లాడతాను.

ఈ పోటీ ఇప్పటిది కాదు. 1980లలో ఒకేసారి నలుగురు జపాన్ వాళ్లు మన దేశంలోకి చిన్న ట్రక్కులతో దిగారు. టొయోటా డీసీఎంతో, మాజ్దా స్వరాజ్‌తో, మిత్సుబిషి ఐషర్‌తో, నిస్సాన్ మన హైదరాబాద్ ఆల్విన్‌తో. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ జహీరాబాద్‌లోనే. ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లూ గడియారాలే గుర్తొస్తాయి మా తరానికి, ట్రక్కు కూడా చేసిందని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఆ బండ్లు నున్నగా, చప్పుడు లేకుండా, డీజిల్ తక్కువ తాగుతూ వచ్చాయి. టాటా వాళ్ల పని అయిపోయిందనుకున్నారంతా. 1986లో టాటా 407 దిగింది. చూడ్డానికి మొరటు, చక్రాల మీద బరువు మోసే గట్టి కమాన్ కట్టలు, కాగితం మీద రాసిన దానికంటే ఎక్కువ ఎత్తినా కిక్కురుమనకుండా లాగేది. అదే సమయంలో జపాన్ యెన్ విలువ బాగా పెరగడంతో అక్కడి నుంచి తెచ్చుకునే సామాన్ల ఖర్చు తడిసి మోపెడైంది, జపాన్ బండ్ల ధరలు పైకెళ్లాయి. ఆ తర్వాత జరిగింది తెలిసిందే, 407 దేశమంతా నిండిపోయింది. డీసీఎం టొయోటా చేతులు మారి డేవూ అయ్యి చివరికి మూతపడింది. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికొచ్చింది, జహీరాబాద్‌లో ఇప్పుడు ట్రాక్టర్లు తయారవుతున్నాయి. స్వరాజ్ మాజ్దా తర్వాత ఎస్ఎంఎల్ ఇసుజు అయింది, 2025లో దాన్నీ మహీంద్రాయే కొనేసింది. అంటే ఆనాడు జపాన్ వాళ్లతో మొదలైన నాలుగింటిలో రెండు చివరికి మహీంద్రా ఇంటికే చేరాయి. ఐషర్ ఒక్కటే తన కాళ్ల మీద నిలబడింది, అదీ ఇప్పుడు స్వీడన్ వోల్వోతో కలిసి.

ఇది ఎందుకు చెప్పానంటే, మన కంపెనీలు విదేశీ పోటీకి భయపడతాయనో, ప్రభుత్వం కాపాడితేనే బతుకుతాయనో కొందరు రాస్తుంటారు. సరుకు బండ్ల విషయంలో అది గాలి మాట. వాళ్ల ముందే నిలబడి గెలిచారు. 2005లో వచ్చిన టాటా ఏస్ చూడండి. రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్, 16 హార్స్‌పవర్, ధర సుమారు రెండుంపావు లక్షలు, ముప్పావు టన్ను మోత. అప్పటికి మన దేశంలో ఏ పెద్ద కంపెనీకీ ఆ ధరలో నాలుగు చక్రాల సరుకు బండి లేదు. మూడు చక్రాల ట్రాలీ ఆటో తోలేవాడు దాంతో నాలుగు చక్రాలకి ఎదిగాడు. ఛోటా హాథీ అన్న పేరు హిందీ వాళ్లది, మా దగ్గర అన్ని చిన్న బండ్లనీ ‘ఏసు’ అనే అంటారు, అది మహీంద్రా అయినా మారుతి అయినా సరే. ఇరవై లక్షలకి పైగా అమ్ముడైంది. చిన్న వ్యాన్లకి పెట్టింది పేరైన సుజుకీ మన దేశంలో దానికి జవాబుగా సూపర్ క్యారీ తెచ్చింది 2016లో. అప్పటికి పదకొండేళ్లు! మన రాష్ట్రంలోనే 2021లో ఇంటింటికీ రేషన్ అని 9,260 బండ్లు రోడ్డెక్కించారు కదా, వాటిలో ఎక్కువ టాటా ఏసులు, మిగతావి సూపర్ క్యారీలు. ఆ పథకం 2025 జూన్‌లో ఆగిపోయింది. మంచిదా చెడ్డదా అన్నది వేరే ఉత్తరం, మీరు వేస్తారన్న నమ్మకం కూడా లేదు.

సరే, ఇప్పటి పికప్‌లకి వద్దాం. పోల్చాలంటే బొలెరో పికప్‌నీ టాటా యోధానీ ఇసుజు డి మ్యాక్స్ సింగిల్ క్యాబిన్ బండితో పోల్చాలి. ఇవి మూడూ ఒకే పనికి పుట్టినవి. కాగితం మీద చూస్తే పెద్ద తేడా లేదు. డి మ్యాక్స్ మామూలు బండి 1,240 కిలోలు మోస్తుంది, తర్వాత 1,710 కిలోల ‘సూపర్ స్ట్రాంగ్’ కూడా తెచ్చారు. బొలెరోలో 1.3 టన్నుల నుంచి 1.7 టన్నుల దాకా, కొత్త బొలెరో మ్యాక్స్ పికప్‌లలో రెండు టన్నుల దాకా ఉన్నాయి. యోధా 2.0 కూడా 2022 నుంచి రెండు టన్నులు అంటోంది. ఇంజిన్ బలం డి మ్యాక్స్‌దీ బొలెరోదీ 70, 80 హార్స్‌పవర్ మధ్యే, యోధాకి మాత్రం 100. రెండు టన్నులు చెప్పే విదేశీ పికప్ ఈ ధరలో ఎక్కడుంది? కాబట్టి ఈ వరసలో మనవాళ్లది పైచెయ్యి, దానిలో సందేహం లేదు.

అయితే కాగితం బయట జరిగే పోలిక అసలైనది. మా వీధిలో ఒకాయన, నాకు బావమరిది వరస, ఒక విదేశీ కంపెనీ పికప్ కొన్నాడు. ఏ కంపెనీ అన్నది రాయను, తప్పంతా దానిది కూడా కాదు. బండి బంగారం. రోడ్డు మీద కుదుపు తక్కువ, లోడుతో ఉన్నా స్టీరింగ్ తేలిక, గేర్లు వెన్నలా పడతాయి. తోలినవాడు ఇంకో బండి ఎక్కనంటాడు. ఒకసారి ఏదో సెన్సర్ పోయింది. షోరూము విజయవాడలో, సామాను అక్కడా లేదు, తెప్పించాలన్నారు. ఆ సామాను వచ్చేదాకా బండి షెడ్డులో, గెలలు వేరేవాళ్ల బండిలో, ఈఎంఐ మాత్రం టైముకి కట్టాల్సిందే. బొలెరోకైతే రావులపాలెంలోనే దొరుకుతుంది, లేకపోతే రాజమండ్రిలో, అదీ కాకపోతే విజయవాడ ఆటోనగర్‌లో కొత్తదో పాతదో డూప్లికేటో ఏదో ఒకటి దొరికి సాయంత్రానికి బండి రోడ్డు మీద ఉంటుంది. మాలాంటి వాళ్లకి బండి ఎంత బాగా నడుస్తుందన్నది రెండో ప్రశ్న, ఆగితే ఎన్నాళ్లు ఆగుతుందన్నదే మొదటిది. అమ్మేటప్పుడూ అంతే. పాత బొలెరో అంటే ఫోన్ పెట్టేలోపు బేరం వస్తుంది. అదే విదేశీ పికప్ అయితే ‘మంచి బండేనండీ, కానీ...’ అని సాగదీస్తారు. ఫైనాన్స్ వాళ్లు కూడా ఆ లెక్క చూసుకునే అప్పిస్తారు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ తేడా కొంత తగ్గింది, ఎందుకంటే ఇప్పుడు మన బండ్లలో కూడా సెన్సర్లే. చెట్టు కింద మెకానిక్ వినికిడితోనే జబ్బు చెప్పే రోజులు పోతున్నాయి, అతను కూడా ఒక మిషన్ తగిలించి చూడాల్సిందే. రేపు ఒక విదేశీ కంపెనీ జిల్లాకో సర్వీస్ సెంటర్ పెట్టి సామాన్లు గోడౌన్‌లో ఉంచితే మా లెక్కలు మారతాయి. పెట్టరు, ఎందుకంటే బండ్లు తక్కువ అమ్ముడవుతాయి. తక్కువ ఎందుకు అమ్ముడవుతాయి, సర్వీసు దొరకదు కాబట్టి. ఆ ముడి వాళ్లే విప్పుకోవాలి.

ఇంకో విషయం, ఇది మనవాళ్లకి నచ్చదు. మన బండ్ల ‘గట్టితనం’ అని మనం మురిసిపోయేదాంట్లో సగం ఓవర్‌లోడు తట్టుకునే గుణమే. టన్నున్నర బండిలో రెండున్నర వేస్తాం, వెనక కమాన్ కట్టలకి ఇంకో రెండు పట్టీలు వేయిస్తాం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కనబడితే గుండె జారుతుంది. 2019 చట్టం ప్రకారం ఓవర్‌లోడుకి 20 వేలు, ఆపైన టన్నుకి రెండు వేలు జరిమానా. అయినా వేస్తాం, ఎందుకంటే పక్కవాడు వేస్తున్నాడు, కిరాయి ఆ లెక్కన కుదిరింది. ఉన్నది ఉన్నట్టు లోడు వేస్తే విదేశీ బండ్లు కూడా పదేళ్లు నిక్షేపంగా తిరుగుతాయి. అంటే మన కంపెనీలు మన తప్పుడు అలవాటుకి సరిపడా బండి చేసి గెలిచాయి, వాళ్లు కాగితానికి సరిపడా బండి చేసి ఓడారు. ఇందులో గర్వపడాల్సింది ఎంతో మీరే చెప్పండి. కమాన్‌కి పట్టీలు కలిపితే మోత పెరుగుతుంది కానీ బ్రేకు పెరగదు, లోడుతో రావులపాలెం వంతెన దిగేటప్పుడు అది తెలుస్తుంది.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిందే క్యాబిన్ గురించి. మీ పట్టికలో బండి ధర ఉంది, మైలేజీ ఉంది, తొట్టి పొడవు ఉంది. లోపల కూర్చునే మనిషికి గుద్దుకుంటే ఏమవుతుందన్న గడి లేదు. మీరు వెయ్యలేదని కాదు, వెయ్యడానికి మన దగ్గర ఆ లెక్కే లేదు. కార్లకి భారత్ ఎన్‌క్యాప్ అని 2023 అక్టోబరు నుంచి గుద్ది చూసి చుక్కలిస్తున్నారు, టీవీలో యాడ్లు కూడా ఐదు చుక్కలనే వస్తున్నాయి. అది మనుషులు ఎక్కే కార్లకే. సరుకు బండ్లకి లేదు. కార్లకి 2019 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, పికప్‌లకి చెయ్యలేదు. లారీ క్యాబిన్‌లలో ఏసీ ఉండాలని 2025 నుంచి నిబంధన వచ్చింది, చాలా మంచి పని, నితిన్ గడ్కరీ గారికి దండం పెట్టాలి. కానీ అది మూడున్నర టన్నుల మొత్తం బరువు దాటిన బండ్లకి. మా పికప్‌లన్నీ ఆ గీతకి కిందే ఉంటాయి, ఆ గీత చూసుకునే వాటిని తయారు చేస్తారు మరి. మే నెలలో మధ్యాహ్నం తుని దాటాక ఆ క్యాబిన్‌లో కూర్చుని చూడండి. లారీ డ్రైవర్‌కి చెమట పట్టకూడదు, పికప్ డ్రైవర్‌కి పట్టొచ్చు, ఇదేం లెక్క?

బొలెరో, యోధా, డి మ్యాక్స్ వీటికి ముందు ఇంజిన్ బానెట్ ఉంది, అదొక అడ్డు. ఏస్, దోస్త్, సూపర్ క్యారీ లాంటివాటికి అదీ లేదు, ముందు రేకు, రేకు వెనక డ్రైవర్ మోకాళ్లు. హైవే మీద రాత్రి పూట లైట్లు లేకుండా నిలబెట్టిన లారీ వెనక ఈ బండి దూరితే ఏమవుతుందో మీ జిల్లా ఎడిషన్‌లోనే వస్తుంటుంది. ‘నిద్రమత్తులో డ్రైవర్’ అని రాస్తారు. నిద్రమత్తు నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. అదే నిద్రమత్తులో అదే వేగంతో కారు గుద్దినవాడు కాలు విరిగి బతికితే, ఏసు తోలినవాడు ఎందుకు పోయాడన్నది ఎవరూ రాయరు.

ఈ ఒక్క విషయంలో విదేశీ కంపెనీలకి తెలిసినంత మనవాళ్లకి తెలియదని కొందరంటారు. సగం నిజం. ఆస్ట్రేలియాలో పికప్‌లని కూడా గుద్ది చూసి చుక్కలిస్తారు. ఇసుజు కొత్త డి మ్యాక్స్‌కి 2020లో అక్కడ ఐదు చుక్కలు వచ్చాయి. వినడానికి బాగుంది. కానీ మనకి శ్రీసిటీలో చేసి అమ్ముతున్నది ఆ డి మ్యాక్స్ కాదు, అంతకుముందు తరానిది. థాయ్‌లాండ్‌లో 2019లోనే కొత్తది వచ్చేసింది, మనకి మాత్రం పాత అచ్చే. ఆఫ్రికాలో 2018లో నిస్సాన్ హార్డ్‌బాడీ అనే పికప్‌ని గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూస్తే సున్నా చుక్కలొచ్చాయి. అదీ జపాన్ కంపెనీయే. కాబట్టి జపాన్ అయితే భద్రం, ఇండియా అయితే రేకు అన్న మాట నిలబడదు. ఎక్కడ చట్టం గట్టిగా ఉంటే అక్కడ మంచి బండి ఇస్తారు, ఎక్కడ అడిగేవాడు లేడో అక్కడికి పాత అచ్చు పంపుతారు.

మన మహీంద్రా కూడా అదే చేస్తోంది, అందుకే నాకు మండుతుంది. స్కార్పియో మీద కట్టిన వాళ్ల పికప్ దక్షిణాఫ్రికాలో బాగా అమ్ముడవుతుంది, 2018 నుంచి డర్బన్‌లో బిగిస్తున్నారు కూడా. అక్కడ ఆ బండికి ఎయిర్‌బ్యాగులున్నాయి, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, ఏసీ ఉంది. టొయోటా హైలక్స్‌కీ ఫోర్డ్ రేంజర్‌కీ ఎదురు నిలబడాలంటే అవి ఉండాల్సిందే, లేకపోతే అక్కడి రైతు ముఖం కూడా చూడడు. స్కార్పియో ఎన్ మీద కట్టబోయే కొత్త పికప్‌ని 2023 ఆగస్టు 15న ప్రపంచానికి చూపించారు. స్వాతంత్ర్య దినం, భారతీయ కంపెనీ, చూపించింది మాత్రం కేప్‌టౌన్‌లో! మనం ఫోన్‌లో చూసుకున్నాం. ఇక్కడి షోరూముల్లో అదింకా కనబడలేదు.

ఇక ఇక్కడే విదేశీ వాళ్లకి మిగిలిన ఒకే ఒక జాగా ఉంది, అది సొంతానికి వాడుకునే డబుల్ క్యాబిన్ పికప్. నలుగురు కూర్చుని, వెనక ఎరువు బస్తాలు వేసుకుని, వారానికి ఒకసారి ఊరెళ్లే రైతుకి, ఆక్వా చెరువుల వాళ్లకి, కడియం నర్సరీల వాళ్లకి అలాంటిది కావాలి. ఇసుజు వీ క్రాస్ 2016లో వచ్చింది, సొంత బండిగా తెల్ల బోర్డుతో రిజిస్టర్ అవుతుంది, ఇప్పటిది 163 హార్స్‌పవర్. టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది, ఫార్చ్యూనర్‌లో ఉండే 2.8 లీటర్ల ఇంజినే. బండ్ల గురించి వంక పెట్టేదేమీ లేదు. కానీ పాతిక లక్షలు దాటితే గాని చేతికి రావు. సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గినా రైతుకి అందే ధర కాదు. పదిహేను లక్షల లోపు ఇలాంటి బండి మన కంపెనీ ఒకటి దించితే మా చుట్టుపక్కల మండలాల్లోనే లైను కడతారు. బొలెరో క్యాంపర్ ఉంది కదా అంటారేమో, దానికి కిరాయి బండిలా పసుపు బోర్డు, పన్నులూ ఫిట్‌నెస్సూ.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక ప్రశ్న వేశాడు, మామయ్యా ఇక్కడ టెక్సాస్‌లో ఎటు చూసినా పికప్‌లే, మన మహీంద్రా ఒక్కటీ లేదేం అని. దానికి కథ ఉంది. 1960లలో జర్మనీ, ఫ్రాన్స్ దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం వేస్తే, అమెరికా బదులుగా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేసింది. 1964లో మొదలైన ఆ సుంకాన్ని ఇప్పటికీ ‘కోడి పన్ను’ అనే అంటారు. కోళ్ల గొడవ ఎప్పుడో అయిపోయింది, పన్ను మిగిలిపోయింది. ఆ గోడ చాటున అమెరికా కంపెనీలు గొప్ప చిన్న పికప్‌లు చేశాయా అంటే, 1970లలో షెవర్లే లవ్ పేరుతో అమ్మింది జపాన్‌లో ఇసుజు చేసిన బండి, ఫోర్డ్ కూరియర్ చేసింది మాజ్దా. తర్వాత సొంతంగా షెవీ ఎస్ 10, ఫోర్డ్ రేంజర్ చేశారు, బాగానే చేశారు, కానీ పెద్ద బండ్లలో లాభం ఎక్కువని మెల్లగా వదిలేశారు. 2011లో రేంజర్ ఆపేశారు, 2019లో మళ్లీ తెచ్చారు, అదీ కాస్త పెద్ద సైజులో. ఇప్పుడు వాళ్ల చిన్న పికప్ ఫోర్డ్ మావెరిక్ తయారయ్యేది మెక్సికోలో. మహీంద్రా వాళ్లు అక్కడ అమ్మాలని 2000లలో గట్టిగా ప్రయత్నించారు, 2010లో కాలుష్య సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు, డీలర్‌తో గొడవలు కోర్టుకెక్కి ఒక్క బండీ అమ్ముడవలేదు. మన దగ్గర కూడా ‘విదేశీ పికప్‌ల మీద పన్ను పెంచితే స్వదేశీ బాగుపడుతుంది’ అనేవాళ్లున్నారు, వాళ్లకోసం ఈ కథ రాశాను. మన బండ్లకి పన్ను గోడ అక్కర్లేదు, వాటి ఇబ్బంది పోటీ లేకపోవడమే. గెలిచి గెలిచి, క్యాబిన్ గురించి ఆలోచించే అవసరం పోయింది.

పూర్తిగా లేదని కూడా అనలేను, మార్పు వాసన తగులుతోంది. 2024లో వచ్చిన మహీంద్రా వీరోలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఇచ్చారు, వెనక కెమెరా ఉంది. 2025లో వచ్చిన టాటా ఏస్ ప్రో నాలుగు లక్షల లోపు మొదలవుతూ క్యాబిన్‌ని గుద్ది పరీక్షించామని చెబుతోంది. ధైర్యంగా చెప్పుకుంటున్నారంటే కొనేవాళ్లు అడగడం మొదలుపెట్టారన్నమాట. కానీ వీరోలో ఆ ఎయిర్‌బ్యాగ్ పై వేరియంట్‌లోనే. పై వేరియంట్ ఎవరు కొంటారు? బండి తనే తోలుకునే ఓనరు కొంటే కొంటాడేమో. డ్రైవర్‌ని పెట్టుకునే నాలాంటి ఓనరు కింది వేరియంటే కొంటాడు, నిజం చెప్పడానికి సిగ్గెందుకు. జీతానికి తోలేవాడి ప్రాణం ఓనరు దయకి వదలకూడదు, అందుకే అది చట్టంలో ఉండాలంటున్నాను.

కేంద్ర రవాణా శాఖని మీ పత్రిక ద్వారా అడిగేది ఇంతే. భారత్ ఎన్‌క్యాప్‌లోకి మూడున్నర టన్నుల లోపు సరుకు బండ్లని కూడా తీసుకురండి, ముందు ఐచ్ఛికంగానైనా సరే. ఏసీ నిబంధనని కిందికి దించండి, ఏసీ కాకపోతే కనీసం ఇంజిన్ వేడి లోపలికి కొట్టకుండా ఒక ప్రమాణం పెట్టండి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ అన్ని వేరియంట్లకీ తప్పనిసరి చెయ్యండి, శ్రీసిటీలో చేసినా పుణె దగ్గర చకన్‌లో చేసినా ఒకే రూలు. అప్పుడు విదేశీ వాళ్లు పాత అచ్చు బండ్లు మనకి అంటగట్టలేరు, మనవాళ్లు డర్బన్‌కి ఒకటి, రావులపాలేనికి ఒకటి చెయ్యలేరు. ధర పెరుగుతుందని కంపెనీలు అంటాయి. పెరుగుతుంది, నిజమే. కింది వేరియంట్‌కి ఒక ఎయిర్‌బ్యాగ్ పెడితే ఎన్ని వేలు పెరుగుతుందో వాళ్లు బయటికి చెప్పాలి, ఐదేళ్ల ఈఎంఐలో అది నెలకి ఎంత పడుతుందో మేం లెక్క వేసుకుంటాం.

ఇట్లు,
ఒక పికప్ ఓనరు,
రావులపాలెం, కోనసీమ జిల్లా